మిట్టమధ్యాహ్నపు ముగ్గుదెయ్యం

"ఇంత మైదాపిండి యాల పారబోసినారమ్మీ? బూరెలు చేసింటే వీధంతా తినేది."

"పారబోయలేదు జేజీ, దెయ్యానికి పూసినాము. ఫోన్లో తెల్లగా కనపడాలంటే పిండే బాగుంటాది."

"దెయ్యానికి సున్నం పూయగూడదా? తినే పిండే కావల్సొచ్చెనా?"

"సున్నమైతే ఒళ్లు కాలదా జేజీ? వాడు మా క్లాసు పిల్లోడు. ఊరికే వచ్చి వేషం కట్టినాడు పాపం."

"కాలితే కాలనీ. దెయ్యం వేషం కట్టేవానికి ఆమాత్రం కాలాల."

"నవ్వేదానికి తీసినాము జేజీ. నువ్వు చెప్పిన కథే గదా. చెప్పేటప్పుడు నువ్వే నవ్వుతావు, మేము తీస్తే అరుస్తాండావు."

"నేను చెప్పింది అట్ల కాదు."

"మరెట్ల?"

నేను చీపురు తెచ్చి వసారాలో రాలిన పిండి ఊడ్చాను. మట్టి కలవని పిండి పైపైన తీసి డబ్బాలో వేసుకున్నాను, జల్లెడ పట్టుకుంటే చీరల గంజికైనా పనికొస్తుందని. హారిక మా చిన్నకొడుకు కూతురు, ఇక్కడ కడపలోనే కాలేజీకి పోతోంది. స్నేహితులతో కలిసి ఫోన్లో ఒక సినిమా తీసింది. నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఇద్దరు గూఢచారి పిల్లలు, రబ్బరు కొమ్ముల తెల్లదెయ్యం ఒకటి, దాన్ని చూసి పంచెలు ఊడిపోయేటట్టు పరిగెత్తే కూలివాళ్లు. చివర్న పోలీసు జీపు వస్తుంది. దెయ్యం చెవులు పట్టుకుని గుంజీళ్లు తీస్తుంది. పొలం పోగొట్టుకోబోయిన విధవరాలికి పొలం దక్కుతుంది. అందరూ చిందులేస్తారు. దాన్ని టీవీకి పెట్టి మాకంతా చూపించింది. మా కొడుకు కడుపు పట్టుకుని నవ్వాడు. కోడలు కళ్లు తుడుచుకుంది. నేను మైదాపిండి గురించి అడిగాను. అడగవలసినది అది కాదని నాకు తెలుసు. కానీ అడగవలసినది అడగాలంటే ముందు నేను కథంతా చెప్పాలి. ఈ ఇంట్లో అందరికీ నేను ఆ కథ సగమే చెప్పాను. దెయ్యం కుంటుకుంటూ పరిగెత్తిన దాకా చెప్పి ఆపేస్తాను. అంతవరకూ నవ్వు వస్తుంది మరి.

మా పల్లె మంగంపేటకు నడిచిపోయేంత దూరం. మా ఇల్లు ఒకప్పుడు ఒకటే ఇల్లు. మా నాయన, చిన్నాయన భాగాలు పంచుకున్నప్పుడు నడుమ మట్టిగోడ లేచింది. గోడలో మాత్రం ఒక గూడు వదిలారు. ఆ గూట్లోంచి ఇటు నిప్పు అటు పోయేది, అటు ఊరిమిండి పచ్చడి ఇటు వచ్చేది. పొద్దున లేచేసరికి రెండు పొయ్యిల పొగ ఒకటై దూలాల కింద తిరుగుతుండేది. మా అమ్మ నాగమ్మ రాగిసంగటి కెలికేటప్పుడు కుండను రెండు పాదాల మధ్య అదిమిపట్టి, కట్టెతో తిప్పుతూ, గోడకు అవతల ఉన్న చిన్నమ్మతో మాట్లాడేది. మాట గోడ దాటుతుండేది, చెయ్యి ఆగేది కాదు. శనక్కాయలు వేయించిన వాసన, ఎండుమిరపకాయల ఘాటు, పేడ అలికిన నేల చెమ్మ. ఇప్పుడు మా కోడలు కుక్కర్లో సంగటి చేస్తుంది. తప్పు పట్టను, గ్యాసు తక్కువ అవుతుంది. కానీ ఆ సంగటికి వాసన లేదు.

చిన్నాయన పేరు ఓబులయ్య. పొడుగాటి మనిషి. ఆయన చెప్పులు కిర్రుకిర్రుమంటూ వీధి మలుపులో వినపడితే పిల్లలం ఆట ఆపి నిలబడేవాళ్లం. చెడ్డవాడని కాదు, ఆయనకు పద్ధతులు ఎక్కువ. కాడిమాను దాటి పోకూడదు. ఇంట్లో ఈల వేయకూడదు. గింజకు కాలు తగిలితే వంగి కళ్లకద్దుకోవాలి. ఒకసారి వాకిట్లో ఆరబోసిన కొర్రల మీద నేను కాలు పెట్టానని వీపు మీద ఒక్కటి ఇచ్చాడు. "అన్నం తొక్కితే అన్నం నిన్ను తొక్కుతాదిమే" అన్నాడు. ఆయనే రాజంపేట సంతకు పోతే బొరుగులూ బెల్లమూ రెండు పొట్లాలు కట్టించుకుని వచ్చేవాడు, ఒకటి ఆయన కూతురు సుబ్బికి, ఒకటి నాకు. పొట్లాలు చేత్తో తూచి చూసేదాన్ని. ఎప్పుడూ సమానంగానే ఉండేవి. మా నాయన జ్వరంతో పోయినాక కూడా రెండు పొట్లాలే వచ్చాయి. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆయన్ను రాక్షసుడని అనుకుని చదివితే తర్వాత జరిగింది అర్థం కాదు.

నాయన పోయేటప్పుడు మాకు మిగిలింది కొండ కింద చేను. జొన్న, కొర్ర, వాన పడితే శనక్కాయ. మడక దున్నితే తెల్లరాళ్లు పైకి తేలేవి. ముగ్గురాయి అంటాం మేము. చూడ్డానికి చిన్నది, ఎత్తితే ఇనుమంత బరువు. దంచి జల్లిస్తే వాకిట్లో ముగ్గుకు వస్తుంది, ఇత్తడి చెంబులు తోముకోవడానికి వస్తుంది. అంతకు మించి దానికి విలువ ఉందని మా ఆడవాళ్లకు తెలియదు. ఆ ఏడు జొన్న కంకులు కోసి చేను పక్కన కళ్లానికి తోలిన కొత్తలో, ఒక జీపు వచ్చి మా చేను గట్టున ఆగింది. ప్యాంట్లు వేసుకున్న మనుషులు దిగి, రాళ్లు ఏరి సంచిలో వేసుకున్నారు. మా ఇంట్లో మగవాళ్లు లేరు కాబట్టి చిన్నాయనతో మాట్లాడి పోయారు. ఏం మాట్లాడారని అమ్మ గూట్లోంచి అడిగింది. "ఊరికే వదినా, దావ అడిగినారు" అన్నాడు.

ఆ తర్వాత ముగ్గుదెయ్యం మొదలైంది. రాత్రుళ్లు కాదు, మిట్టమధ్యాహ్నం. మా వైపు చీకటికి ఎంత భయపడతారో నడినెత్తిన పొద్దుకూ అంతే భయపడతారు. ఆ వేళ గాలి తిరుగుతుందని, ఒంటరిగా చేలల్లో నిలబడకూడదని చిన్నప్పటి నుంచీ చెబుతారు. కూలివాళ్లు వేపచెట్టు కింద సంగటి ముద్దలు విప్పుకుంటుండగా, కళ్లం నడుమ కంకుల కుప్ప మీద తెల్లగా ఒక ఆకారం లేచిందట. నెత్తిన కొమ్ములు. ఒళ్లంతా తెలుపు. ఎండకు మెరుస్తూ, చేతులు చాపి ఎద్దులా రంకె వేసిందట. అందరూ సంగటి అక్కడే వదిలేసి ఊళ్లోకి వచ్చిపడ్డారు. మర్నాడు సగం మంది వచ్చారు, వాళ్లకూ కనపడింది. ఆ పైన మా చేనికి ఎవరూ రాలేదు. కంకులు కళ్లంలో ఎండుతున్నాయి. గింజ రాలేటట్టు కంకుల మీద బంతి తొక్కించే ఎద్దులు దొరకలేదు. పిచ్చుకలు తిన్నది తినగా మిగిలింది ఒక్క వాన పడితే మొలకెత్తి పోతుంది. అమ్మ రోజూ కొండ మీద మబ్బు చూసుకుంటూ కూర్చునేది. ఏడాది తిండి అదే మాకు.

చిన్నాయన నిమ్మకాయలు తెచ్చి గట్టున కట్టాడు. కోడిని కోయించాడు. ఆ పైన సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని నిదానంగా చెప్పేవాడు. "వదినా, ఆ చేను నీకు అచ్చిరాలేదు. అన్న పోయె, ఇప్పుడు ఇది. ఆడకూతురివి, ఏమని తట్టుకుంటావు? నాకు రాసియ్యి. ఏదన్నా అయితే నాకే కానీ." అమ్మ తల ఊపేది కాదు, కాదనేది కాదు.

సుబ్బీ నేనూ ఆ రోజుల్లో సి.ఐ.డి.లం. టెంటు సినిమాలో ఒక గూఢచారిని చూసి వచ్చాము. మీసం అతికించుకుంటాడు, గోడలు దూకుతాడు, చివరికి దొంగ ముఖం మీది తొడుగు లాగేస్తాడు. సుబ్బి నాకంటే చిన్నది, కానీ ధైర్యం దానిదే. "అక్కా, దెయ్యానికి ఆకలి యాల? కూలోళ్లు వదిలిన సంగటి రెండు దినాలూ యాడికి పాయె? మనం పట్టుకుందాం" అంది. టెంకాయ చిప్ప కాల్చి ఇద్దరం మీసాలు దిద్దుకున్నాము. తాటాకుతో కళ్లద్దాలు చేసుకున్నాము. గువ్వ కూసినట్టు కూస్తే పారిపొమ్మని గుర్తు, రెండుసార్లు కూస్తే దాడి. ఆయుధం కావాలి కదా, అమ్మ దాచిన కారప్పొడి గుడ్డలో మూట కట్టాను. దెయ్యం దగ్గరికి పోయినందుకు కాదు, ఆ కారప్పొడికి తర్వాత తన్నులు తిన్నాను. అది న్యాయమే. ఏడాదికి దంచుకున్న కారం.

మొదటిసారి మాకు దొరికిన దెయ్యం గాడిద. చాకలివాళ్ల గాడిద తెల్లమట్టిలో పొర్లి, ఒళ్లంతా ముగ్గు చేసుకుని, గట్టు వెనక నుంచి తల ఎత్తింది. సుబ్బి రెండుసార్లు కూసింది. నేను కారం విసిరాను. గాలి ఎదురు. గాడిద మా వంక చూస్తూ నిలబడింది. మేము కళ్లు మూసుకుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడుస్తూ బావి దాకా పోయాము. మీసాలు ముఖమంతా పరుచుకున్నాయి. బావి దగ్గర ఒకరినొకరు చూసుకుని ఎంత నవ్వామో. నా జీవితంలో అంత నవ్వు మళ్లీ నవ్వలేదు. హారిక సినిమాలో ఆ గాడిద బాగా వచ్చింది, అది ఒప్పుకుంటాను.

రెండోసారి కారం లేదు. కళ్లం అంచున ఉన్న చొప్పవామిలో గూడు చేసుకుని దూరాము. జొన్నచొప్ప మెడకు గీరుకుంటోంది. పొద్దు నెత్తిమీదికి వచ్చింది. అప్పుడు గట్టు మీదుగా తెల్లగా అది వచ్చింది. నెత్తిన పొట్టేలు కొమ్ములు గుడ్డతో కట్టి ఉన్నాయి, ఒకటి చెవి మీదికి జారింది. ఆగి దాన్ని సర్దుకుంది. తుమ్మింది. చంక గోక్కుంది. సుబ్బి నోట్లో గుడ్డ కుక్కుకుని ఊగిపోతోంది. మాకు ఉన్న కాస్త భయమూ ఆ తుమ్ముతో పోయింది. దెయ్యం కళ్లం అంచుకు వచ్చింది. వచ్చి ఆగింది. కాళ్ల చెప్పులు విడిచింది. రెండూ జతగా పక్కకు పెట్టింది. వంగి నేల తాకి కళ్లకద్దుకుంది. అప్పుడు వట్టికాళ్లతో కళ్లంలోకి నడిచి, కంకుల కుప్ప ఎక్కి, చేతులు చాపి, గట్టు అవతల పోయేవాళ్లకు వినపడేటట్టు రంకె వేసింది.

కళ్లంలోకి చెప్పులతో పోకూడదని ఊళ్లో అందరికీ తెలుసు. అది ఎవరూ ఆలోచించి చేసే పని కాదు, కాళ్లే విడుస్తాయి. ఒళ్లంతా ముగ్గు పూసుకున్నవాడు, కొమ్ములు కట్టుకున్నవాడు, మనిషి గుర్తు లేకుండా అన్నీ చేసుకుని వచ్చినవాడు, ఆ ఒక్కటి దాచడం మరిచాడు. నేను పగలబడి నవ్వబోయాను. సుబ్బి నవ్వడం మానేసింది. చెప్పుల వంకే చూస్తోంది. ఎడమ చెప్పుకు తెగిన తోలుపట్టీ దగ్గర టైరు ముక్క కుట్టి ఉంది. మొన్ననే అది కుట్టించుకు రమ్మని సుబ్బినే పంపారు.

"నాయనవి" అంది. అంతే.

నేను మాత్రం సి.ఐ.డి.గానే ఉన్నాను. పాక్కుంటూ పోయి రెండు చెప్పులూ లాక్కుని, వామి వెనక నుంచి పరిగెత్తాను. రంకె ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే, దెయ్యం కళ్లం దిగి, కాలే ఇసుకలో, పల్లేరుగాయల మీద "అమ్మా, అబ్బా" అనుకుంటూ ఒక కాలి మీద గెంతుతోంది. కొమ్ములు మెడలో వేలాడుతున్నాయి. ఆ చెప్పులు ఎవరివో అనకుండా, ఇక్కడిదాకా చెప్పి నేను ఆపేస్తాను. పిల్లలు పడి పడి నవ్వుతారు.

దీపం పెట్టే వేళకు చిన్నాయన మా ఇంటికే వచ్చాడు. స్నానం చేశాడు, కానీ చెవి మడతల్లో తెలుపు ఉంది. కుంటుతున్నాడు. అరుగు మీద కూర్చున్నాడు. అప్పటికే నేను చెప్పులు తెచ్చి అమ్మ ముందు పెట్టాను, చెప్పవలసిందంతా చెప్పేశాను. అమ్మ చెప్పుల వైపు చూడలేదు. లోపలికి పోయి పిన్నీసు, ఆముదం గిన్నె తెచ్చింది. కింద కూర్చుని ఆయన పాదం తన ఒడిలో పెట్టుకుంది. దీపం దగ్గరికి జరుపుకుని, ఒక్కొక్క ముల్లూ తీయసాగింది.

"అంత ఎండలో తిరిగితే వడదెబ్బ తగల్దా అబ్బీ?" అంది.

ఆయన పాదం వెనక్కి లాక్కోబోయాడు, అమ్మ వదల్లేదు.

"చెవుల్లో ముగ్గు ఉండాది. పిల్లోళ్లు చూస్తారు, కడుక్కో."

"వదినా..."

"కదలొద్దు, ముల్లు ఇరుగుతాది. నన్ను అడిగింటే పోయేది గదా. ఇన్ని తిప్పలు యాల?"

"అడిగితే నువ్వు ధర అడుగుతావు" అన్నాడు చిన్నాయన. అబద్ధం చెప్పలేదు, అది మాత్రం చెప్పాలి. "ఆ జీపోళ్లకు రాయి కావల్లంట. ఆడమనిషితో బేరమాడితే నీకూ దక్కదు, నాకూ దక్కదు. పిల్ల పెండ్లి నా చేతుల మీద చేస్తా వదినా. అన్న లేని లోటు రానీను."

నేను ఆగలేకపోయాను. "అమ్మా, దొరికిపోయినాడు గదా. రేపు కూలోళ్లకు చెప్తే అందరూ వస్తారు. మనమే గెలిచినాం."

అమ్మ పిన్నీసు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "ఏం గెలిచినావుమే? రేపు పోయి మీ చిన్నాయన దెయ్యమని ఊరంతా చెప్తావు. నవ్వుతారు. ఎల్లుండి నీకు సంబంధం జూసేదానికి ఎవురు ముందర కూర్చుంటారు? దెయ్యమా? నీకూ నాకూ ఉండే మొగదిక్కు ఈయప్ప ఒక్కడే. నిజంగా దెయ్యమే అయింటే వేపమండలు కొట్టి తరిమిందును. మరిదిని యాడికని తరిమేది?" అని, మళ్లీ ఆ పాదం తీసుకుని ఆముదం రాసింది.

సుబ్బి గోడ గూట్లోంచి చూస్తోంది. మా కళ్లు కలిశాయి. అది తల పక్కకు తిప్పుకుంది. ఆ తర్వాత అది ఎప్పుడూ మా పొయ్యి దగ్గరికి వచ్చి తినలేదు. నేనూ పిలవలేదు. దాన్ని ప్రొద్దుటూరికి ఇచ్చారు. ఇప్పటికీ పెండ్లిళ్లలో కలుస్తాం, షుగరు మాత్రల గురించి మాట్లాడుకుంటాం.

చిన్నాయన మాట నిలబెట్టుకున్నాడు. నా పెండ్లి ఆయనే చేశాడు, లోటు రానీలేదు. పెండ్లికొచ్చినవాళ్లంతా ఇలాంటి మరిది ఎవరికి దొరుకుతాడని మా అమ్మతో అన్నారు. అమ్మ అందరికీ అవునని చెప్పింది. కొండ కింద చేను ఇప్పుడు లేదు. అది ఉన్నచోట గుంత ఉంది, లారీలు దిగి ఎక్కేంత గుంత, అడుగున పచ్చగా నీళ్లు. సుబ్బి తర్వాత పుట్టిన చిన్నాయన కొడుకులు పెద్దమనుషులయ్యారు. వాళ్లలో ఒకరి ఫోటో ఎన్నికలప్పుడు గోడల మీద చేతులు జోడించి కనపడుతుంది. హారిక ఆ ఫోటో చూసి "మన తాత గదా జేజీ" అంటుంది గొప్పగా. అవును పాపా అంటాను.

ఇన్నేళ్లూ నన్ను తొలిచింది ఆయన మోసం కాదు. మోసాలు చూశాను, బంగారం తాకట్టులో చూశాను, పట్టాదారు పుస్తకాల్లో చూశాను. ఇప్పుడు మోసం చేసేవాడు ఎండలో నిలబడనక్కరలేదు, ముగ్గు పూసుకోనక్కరలేదు, చల్లటి గదిలో కూర్చుని పేరు మారుస్తాడు. నన్ను తొలిచేది ఆ వంగడం. కళ్లం అంచున ఆగి, చెప్పులు విడిచి, నేల తాకి కళ్లకద్దుకోవడం. ఆయన నటించలేదు, ఎవరూ చూడటం లేదనుకున్నాడు కదా. గింజంటే అంత భయం ఉన్న మనిషి, ఆ గింజ ఎవరి తిండో తెలిసిన మనిషి. ఈ కాలంలో వడ్లు తారురోడ్డు మీద ఆరబోస్తారు, వాటి మీదే బండ్లు పోతాయి. చూసి నా కడుపు మండుతుంది, కోడలికి చెప్పుకుంటాను. కానీ ఆ మండేటప్పుడే అనిపిస్తుంది, కనీసం వీళ్లు దేనికీ దండం పెట్టి తొక్కడం లేదు కదా అని. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేము ఇద్దరు ఆడపిల్లలం పట్టాము. పట్టినాక ఏం చేయాలో మాకు ఏ సినిమా చూపించలేదు, హారిక సినిమా కూడా.

ఆ ముళ్లు తీసిన మర్నాడు తెల్లవారకముందే అమ్మ తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. నాకు సద్దిసంగటి మీద మజ్జిగ పోసి పెట్టింది. చిన్నాయనతో కలిసి మొదటి బస్సుకు రాజంపేట పోయింది. అక్కడ రిజిస్ట్రాఫీసులో, కళ్లంలో ఉన్న కంకులతో సహా చేను ఆయన పేరుకు మారుస్తూ వేలిముద్ర వేసింది. వాళ్లు తిరిగి వచ్చేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. కళ్లంలో ఎద్దులు బంతి తొక్కుతున్నాయి. చిన్నాయన కబురందుకుని కూలివాళ్లందరూ వచ్చి, వేపచెట్టు కింద కూర్చుని సంగటి తింటున్నారు.